చీపురు పుల్లల్లో స్వర్ణ నిష్పత్తి

దసరా సెలవుల్లో హనుమకొండలోని మా ఇంట్లో నేనూ మా అమ్మాయీ కూర్చుని ముప్పై చీపురు పుల్లలు కోశాం. ఒక్కోటి సరిగ్గా 10 సెంటీమీటర్లు. పుల్లలతో కట్టిన పంచభుజి త్రిభుజంలా బిగిసి ఉండదు, ఇట్టే వంగిపోతుంది. అందుకే అట్ట మీద ఒక పంచభుజి గీసుకుని, దాని మీద పెట్టి గ్లూ గన్‌తో అంటించాం. పన్నెండు పంచభుజుల ద్వాదశముఖి తయారైంది.

ఇప్పుడు ఒక్కో ముఖానికి ఒక్కో కర్ణం చొప్పున దారం కట్టాలి. సరైన కర్ణాలు ఎంచుకుంటే ఆ పన్నెండు దారాలూ లోపల పాచికలాంటి ఒక ఘనమై నిలుస్తాయి! ఇరవై మూలల్లో ఎనిమిదే దానికి కావాలి. ముఖానికి ఐదు కర్ణాలున్నాయి కాబట్టి ఇలాంటి ఘనాలు ఐదు కట్టవచ్చు.

దారం పొడవు కొలిస్తే 16.2 వచ్చింది. ఎందుకంత? పంచభుజిలో రెండు కర్ణాలు ఖండించుకున్నప్పుడు, ఒక్కోదానిలో పెద్ద ముక్క భుజమంతే ఉంటుంది. భుజం 1, కర్ణం క అనుకుంటే చిన్న ముక్క క−1. సరూప త్రిభుజాల వల్ల 1కి క ఎంతో, క−1కి 1 అంత. లెక్క తేల్చితే క విలువ 1.618... అదే స్వర్ణ నిష్పత్తి. గుళ్లలో, మనుషుల మొహాల్లో ఈ సంఖ్య ఉందని చాలామంది చెబుతారు. అక్కడ కొలిచే చోటు కాస్త జరిపితే సంఖ్యే మారిపోతుంది. ఇక్కడ అది తప్పనిసరి, ఇంకో విలువకు చోటే లేదు. నాకు నచ్చేది ఇదే.

లోపలికి వెళ్దాం. ఘనం ఎనిమిది మూలల్లో ఒకటి విడిచి ఒకటి కలిపితే నాలుగు త్రిభుజాల చతుర్ముఖి. దాని ఆరు అంచుల మధ్యబిందువులు కలిపితే ఎనిమిది త్రిభుజాల అష్టముఖి. 1596లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఈ నాలుగింటినీ, ఇరవై ముఖాల వింశతిముఖినీ కలిపి ఐదు ఆకారాలనూ ఇంకో వరుసలో ఒకదానిలో ఒకటి పెట్టి గ్రహాల దూరాలు వివరించాలనుకున్నాడు. గ్రహాలు ఆ లెక్కకు రాలేదు కానీ, ఆకారాలు మాత్రం ఒకదానిలో ఒకటి చక్కగా ఇమిడిపోతాయి.

చివరిది వింశతిముఖి. అష్టముఖి అంచు 11.44 సెంటీమీటర్లు. ప్రతి అంచునూ స్వర్ణ నిష్పత్తిలో 7.07, 4.37గా విడదీసి గుర్తు పెట్టాలి. ప్రతి త్రిభుజంలోనూ మూడు అంచుల వెంట ఒకే దిక్కుగా తిరుగుతూ పెట్టాలి, ఒక్కటి తప్పినా కుదరదు. పన్నెండు గుర్తులూ కలిపితే ఇరవై సమబాహు త్రిభుజాలు.

చతుర్ముఖి అంచు ఘనం ముఖానికి కర్ణం కాబట్టి అక్కడ కొలతల్లోకి √2 చేరింది, అష్టముఖి దాకా వెంట వచ్చింది, ఇక్కడ మాయమైంది. వింశతిముఖి అంచు కచ్చితంగా 10ని స్వర్ణ నిష్పత్తితో భాగిస్తే వచ్చేదే. అంటే 6.18. మా అమ్మాయి స్కేలు పెట్టి చూసి 6.2 అంది.