ఊ కొట్టేవాళ్లు లేని ఉపన్యాసం

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగేలోపు ఒక ఉపన్యాసం, ఆ తర్వాతి ప్రశ్నలు, జవాబులు అన్నీ అయిపోతాయి. 130 కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఎక్స్‌ప్రెస్‌కి రెండు గంటలు అటూ ఇటూ. నెలకు నాలుగైదుసార్లు ఈ దారిన పడటం నాకు తప్పదు. కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, ఇయర్‌ఫోన్స్‌లో ఏదో ఒక పాడ్‌కాస్ట్, అంటే ఫోన్‌లోకి దింపుకుని వినే ఆడియో కార్యక్రమం, పెట్టుకుని కళ్లు మూసుకుంటాను. రఘునాథపల్లి దగ్గర ఎవరో ప్రొఫెసర్ నక్షత్రం పుట్టుక గురించి మొదలుపెడితే, భువనగిరి గుట్ట కనిపించేసరికి అది చచ్చి నల్లబిలమై ఉంటుంది. పక్కవాళ్లు నేను నిద్రపోతున్నాననుకుంటారు. ఒక్కోసారి అది నిజమే.

దారిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఉపన్యాసాలు ముందు రాత్రే ఫోన్‌లోకి దిగి ఉండాలి. ఆ సంగతి గుర్తుపెట్టుకునేది నేను కాదు, ఫోనే. సబ్‌స్క్రైబ్ చేయడం అంటే ఇదే. మా నాన్న వారపత్రికకు చందా కట్టేవారు. మనియార్డర్ పంపితే అక్కడి రిజిస్టర్‌లో పేరు ఎక్కేది, వారం వారం పోస్ట్‌మన్ పత్రిక తెచ్చేవాడు. పాడ్‌కాస్ట్ చందా దీనికి సరిగ్గా తిరగబడ్డ వ్యవహారం. అటువైపు మన పేరు ఎవరూ రాసుకోరు, మనకు ఎవరూ ఏదీ పంపరు. మన యాప్ రోజుకు కొన్నిసార్లు వెళ్లి, 'కొత్తదేమన్నా వచ్చిందా?' అని చూసొస్తుంది, అంతే.

అది వెళ్లి చూసేది ఒక మామూలు అక్షరాల ఫైలు. ఫీడ్ అంటారు. ఆర్‌ఎస్‌ఎస్ అనే పద్ధతిలో రాసి ఉంటుంది. ఒక్కో ఉపన్యాసానికి శీర్షిక, తేదీ, నాలుగు ముక్కల పరిచయం ఉంటాయి. వాటి కింద ఎన్‌క్లోజర్ అని ఇంకో వరుస ఉంటుంది. ఆఫీసు ఉత్తరం కింద 'జతపరచినవి' అని రాస్తామే, అలాంటిది. ఆడియో ఎక్కడుంది, ఎన్ని బైట్లు, ఏ రకం ఫైలు అన్నది అందులో ఉంటుంది. 2000 చివర్లో డేవ్ వైనర్ అనే ప్రోగ్రామర్ ఈ వరుసను ఆర్‌ఎస్‌ఎస్‌లో చేర్చాడు. పాడ్‌కాస్ట్ అన్న మాట పుట్టింది ఆ తర్వాత, 2004లో.

ప్రతి ఉపన్యాసానికీ ఒక గుర్తింపు సంఖ్య కూడా ఉంటుంది. ఇంతకుముందు చూసిందా, కొత్తదా అని యాప్ తేల్చుకునేది దానితోనే. ఒకసారి ఒక సంస్థవాళ్లు సర్వర్ మార్చుకున్నారో ఏమో, ఆ సంఖ్యలన్నీ మారిపోయాయి. పొద్దున లేచి చూస్తే ఏళ్లనాటి ఉపన్యాసాలన్నీ కొత్తవాటిలా నా ఫోన్‌లో వరుసకట్టాయి. మొబైల్ డేటా మీద కూడా దింపుకోమని ఎప్పుడో నొక్కి పెట్టింది నేనే. చాయ్ తాగకముందే ఆ రోజుకున్న 1.5 జీబీ హాంఫట్.

లెక్క వేస్తే దాదాపు యాభై ఉపన్యాసాలు. నిజానికి 1.5 జీబీలో యాభై గంటల మాట పట్టడమే విచిత్రం. సీడీ పద్ధతిలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, స్టీరియోలో దాస్తే గంటకు 635 ఎంబీ కావాలి. అదే గంట ఉపన్యాసం సెకనుకు 64 కిలోబిట్ల ఎంపీ3గా 29 ఎంబీలో ఒదుగుతుంది. ఒక్క గొంతే కాబట్టి స్టీరియో అక్కర్లేదు, సగం అక్కడే తగ్గింది. మిగతాది చెవిలోని లోపం పుణ్యం.

కాజీపేట ప్లాట్‌ఫాం మీద గూడ్సు బండి ఆగకుండా పోతున్నప్పుడు చాయ్ అమ్మే మనిషిని చూడండి. నోరు కదులుతూ ఉంటుంది, కేక వినపడదు. అలాగని అతని గొంతు గాలిలో లేకుండా పోలేదు, మన చెవిదాకా వస్తూనే ఉంది. పెద్ద చప్పుడు చిన్నదాన్ని కప్పేసింది. రెండింటి శ్రుతి దగ్గర దగ్గరగా ఉంటే ఈ కప్పడం ఇంకా ఎక్కువ. చప్పుడు ఆగాక కూడా సెకనులో పదో వంతు దాకా చెవి తేరుకోదు. ఎంపీ3 చేసే పనల్లా ధ్వనిని 576 సన్నని పట్టీలుగా విడదీసి, ఎక్కడ ఏది కప్పబడిపోతుందో లెక్కగట్టి, ఆ భాగాలను మోటుగా రాసుకోవడం, కొన్నింటిని అసలు రాయకపోవడం. వినపడని కేకను దాచి ఏం లాభం అని దాని వాదన. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకుల కృషి ఇందులో పెద్దది. గొంతు విషయంలో ఈ పిసినారితనం పెద్దగా తెలియదు. దొరికిపోయేది చప్పట్ల దగ్గర. వందల చిన్న చిన్న చరుపులు ఒకదానిమీద ఒకటి పడుతుంటే ఏది ఉంచాలో, ఏది వదలాలో దానికి అంతు చిక్కదు. అందుకే బిట్లు తక్కువైన రికార్డింగుల్లో ఉపన్యాసం చివరి చప్పట్లు మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టుంటాయి.

వేగం సంగతి కూడా చెప్పాలి. టేప్‌రికార్డర్‌ని వేగంగా తిప్పితే మనిషి గొంతు పిట్ట గొంతయ్యేది. ఫోన్‌లో 1.5 రెట్లు పెట్టినా గొంతు మారదు. మనం 'ఆ' అన్నప్పుడు స్వరతంత్రులు సెకనుకు వందకు పైగా సార్లు కొట్టుకుంటాయి. ఆ అలలన్నీ ఒకే పోలికలో ఉంటాయి కాబట్టి, మధ్యలో కొన్నింటిని తీసేసి అంచులు కలిపి అతికిస్తే చెవి కనిపెట్టలేదు. గంట ఉపన్యాసం నలభై నిమిషాల్లో అయిపోతుంది. వార్తలకైతే సరే. సైన్స్ ఉపన్యాసానికి ఇది పనికిరాదని నా అనుభవం. మంచి వక్త ఒక మాట అని ఆగుతాడు. ఆ ఆగడం మనకోసం.

మా చిన్నమ్మ కథ చెప్పేటప్పుడు ఊ కొట్టకపోతే ఆపేసేది, పండుకున్నడనుకుని. ఒగ్గుకథలో కూడా కథకుడు ఓ మాట అంటే పక్కవాళ్లు అందుకుంటారు, కథ అట్లా నడుస్తుంది. పాడ్‌కాస్ట్‌కి మన ఊతో పని లేదు, నేను ఘట్‌కేసర్ దాకా గురకపెట్టినా దాని దారిన అది చెప్పుకుంటూ పోతుంది. ఇంకా పెద్ద ఇబ్బంది ఏమిటంటే ఆ వక్తలు ఊ కొట్టించుకుంటున్నది నాతో కాదు, ఎదురుగా హాల్లో కూర్చున్నవాళ్లతో. 'ఈ ఎర్ర గీత చూడండి' అంటాడు. హాలంతా నవ్వుతుంది. జనగామ నుంచి ఆలేరు దాకా ఆ ఎర్ర గీత ఏమిటో నాకు తెలియలేదు. అందుకని ఇప్పుడు బొమ్మలున్నవాటిని ఇంట్లో వీడియోగా చూస్తాను, రైలుకు మాత్రం చెవి కోసం పుట్టినవాటిని ఎంచుకుంటాను. బీబీసీ రేడియోలో 1948లో బెర్ట్రండ్ రస్సెల్‌తో మొదలైన రీత్ ఉపన్యాసాలు అలాంటివి. 2016లో స్టీఫెన్ హాకింగ్ నల్లబిలాల గురించి మాట్లాడింది అక్కడే.

ఉపన్యాసం వినే విద్యలో శాస్త్రవేత్త మైకేల్ ఫారడేని మించినవాళ్లు ఉండరేమో. లండన్‌లో బుక్ బైండింగ్ నేర్చుకునే కుర్రాడు. 1812లో షాపుకొచ్చే ఒకాయన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే సైన్స్ సంస్థలో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇప్పించాడు. నాలుగు విన్నాడు. విన్నదంతా రాసుకుని, బొమ్మలు గీసుకుని, తనే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడు అక్కడే ఉద్యోగం. 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాలను తర్వాత ఆయనే 19 ఏడాదులు ఇచ్చాడు. అందులో 1860 చివర మొదలైనవి ఒక్క కొవ్వొత్తి గురించి ఆరు ఉపన్యాసాలు. అప్పటికి రికార్డింగ్ లేదు, పుస్తకంగా మిగిలాయి. వాటిని ఇప్పుడు ఔత్సాహికులు చదివి ఉచితంగా వినిపిస్తున్నారు.

అది వింటూ హన్మకొండలో ఇంటికొచ్చిన రోజు నేరుగా వంటింట్లోకి పోయి కొవ్వొత్తి వెతికాను. చిన్నమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "కరెంటు ఉన్నది కద బిడ్డా, అదెందుకు?" అంది. వెలిగించి, కాసేపు మండనిచ్చి, మెల్లగా ఆర్పాను. వత్తి నుంచి తెల్లటి పొగ లేచింది. నిజానికి అది పొగ కాదు, ఆవిరైన మైనం చల్లబడి సన్నని రేణువులైంది. కొవ్వొత్తిలో మండేది వత్తి కాదు, ఈ ఆవిరే. వెలుగుతున్న అగ్గిపుల్లను వత్తికి తగలనీయకుండా రెండు వేళ్లంత పైన ఆ పొగలో పెట్టాను. మంట పొగ వెంబడి జారి వత్తి మీద కూర్చుంది.

చిన్నమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. "ఊ..." అంది. కాసేపాగి, "ఏదీ, ఇంకోపారి చెయ్."