పదిహేను కుక్కలు, ముప్పావు ఔన్సు

ఆత్మ బరువు 21 గ్రాములనీ, ఆ సంగతి అమెరికాలో సైన్సు ఎప్పుడో తేల్చేసిందనీ చెప్పే సందేశం మళ్ళీ ఫోన్లలో తిరుగుతోంది. దానికి తోకగా గాజుపెట్టె కథ కూడా ఉంది. చావుకు దగ్గరైన మనిషిని గాజుపెట్టెలో ఉంచితే, ప్రాణం పోయే క్షణంలో అద్దం భళ్ళున పగిలిందట. భక్తులూ హేతువాదులూ యథాప్రకారం రెండు జట్లయ్యారు. చార్వాకుల దగ్గర్నుంచి జరుగుతూ వస్తున్న వాదాలు అందరూ విన్నవే కాబట్టి వాటిని పక్కన పెడదాం. ఇప్పటి తగువుకు అసలు మూలం ఒక మంచం, ఒక కాటా. ఆ తర్వాత, ఎవరూ ప్రస్తావించని పదిహేను కుక్కలు.

ఆ కాటా పెట్టినవాడు డంకన్ మెక్‌డూగల్, మసాచుసెట్స్ రాష్ట్రంలోని హేవరిల్ ఊరి వైద్యుడు. ఆత్మ ఉంటే అది చోటు ఆక్రమించాలి, చోటు ఆక్రమించేదానికి బరువుండాలి అన్నది ఆయన తర్కం. 1901లో ప్లాట్‌ఫాం కాటా మీద తేలికపాటి చట్రం కట్టి, దానిపై మంచం అమర్చాడు. ఔన్సులో ఐదో వంతు, అంటే ఐదారు గ్రాముల తేడాను కూడా ఆ కాటా పట్టగలదు. రోగుల్లో ఎక్కువమంది క్షయ ముదిరి, మంచం పట్టినవారు. నీరసించి కదలకుండా ఉంటారు కాబట్టి త్రాసు కడ్డీ ఊగదని వాళ్ళను ఎంచుకున్నాడు.

మొదటి రోగి ఆ మంచం మీద మూడు గంటల నలభై నిమిషాలు బతికాడు. ఆ సేపంతా శ్వాసలోని తేమ, చెమట ఆవిరి కావడం వల్ల గంటకు ఔన్సు చొప్పున బరువు తగ్గుతూనే ఉంది. డాక్టరు దాన్ని సరిచూసుకుంటూ కడ్డీని పై అంచున నిలిపాడు. ఊపిరి ఆగీ ఆగగానే కడ్డీ చప్పుడుతో కిందికి పడి అక్కడే ఉండిపోయింది. తగ్గింది ముప్పావు ఔన్సు. ఆయన నివేదికలో రాసింది ఆ ముప్పావే. దాన్ని గ్రాముల్లోకి మారిస్తే 21 చిల్లర, నేటి బంగారం లెక్కలో రెండు తులాల పైచిలుకు. అంతకుముందు ఆ రోగి ముప్పావు గంటలో చెమటగా, ఊపిరిగా పోగొట్టుకున్న బరువు కూడా సరిగ్గా అంతే.

ప్రయోగం ఈ ఒక్కరితో ఆగలేదు. మొత్తం ఆరుగురు. రెండో మనిషి ఏ క్షణంలో పోయాడో కచ్చితంగా తెలియలేదు. మూడో మనిషికి అర ఔన్సు తగ్గి, కొన్ని నిమిషాల తర్వాత మరో ఔన్సు తగ్గింది. నాలుగో రోగి విషయంలో కాటా సరిగా కుదరలేదు, పైగా ఈ పని నచ్చనివాళ్ళు అడ్డుపడ్డారు. ఆ ఫలితాన్ని డాక్టరే పక్కన పెట్టాడు. ఐదో రోగికి తగ్గినది ముప్పావులో సగం. ఆరో రోగి కాటా సర్దుతుండగానే కన్నుమూశాడు. ఆరు తూకాల్లో ఒకే ఒక్క తూకం లోకం నోట నిలిచింది. అది మొదటిది కావడం, బాగా చప్పుడు చేయడం అందుకు సాయపడి ఉంటాయి.

అప్పుడు కుక్కలు వచ్చాయి. పదిహేనింటిని ఇంతకన్నా సున్నితమైన కాటా మీద ఉంచి తూచాడు. ఒక్కదానికీ బరువు తగ్గలేదు. జబ్బుతో చావుకు దగ్గరైన కుక్కలు దొరకలేదని డాక్టరే విచారించాడు కనుక, అవి ఎలా చచ్చిపోయాయో ఊహించుకోవచ్చు. ఈ ఫలితం ఆయనకు ఇబ్బందిగా తోచలేదు. తగ్గేది మనిషికి మాత్రమేనని, తన సిద్ధాంతానికి ఇది బలమేనని అనుకున్నాడు.

1907 మార్చి 11న న్యూయార్క్ టైమ్స్ ఈ వార్త వేసింది. వైద్య పత్రికలో వ్యాసం రావడం ఆ తర్వాతి మాట. వ్యాసం వచ్చాక ఆగస్టస్ క్లార్క్ అనే వైద్యుడు సూటిగా ఒక ప్రశ్న వేశాడు. ఊపిరితిత్తులు రక్తాన్ని చల్లబరుస్తాయి. ఊపిరి ఆగితే ఒంట్లో వేడి పెరిగి చెమట పోస్తుంది, అది ఆవిరైతే బరువు తగ్గదా? కుక్కలకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాచి వగరుస్తూ చల్లబడతాయి. వాటి బరువు తగ్గకపోవడంలో వింత ఏముంది? గుండె ఆగాక రక్తం చర్మం దాకా ఎలా చేరుతుందని మెక్‌డూగల్ ఎదురు ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్నలో పస లేకపోలేదు. అయితే ఆనాటి పరికరాలతో మరణ క్షణాన్నే కచ్చితంగా గుర్తించలేని స్థితి ఆయనది. లాస్ ఏంజెలెస్‌లో ట్వైనింగ్ అనే హైస్కూల్ ఉపాధ్యాయుడు ఎలుకలతో ఈ పని చేశాడు. తెరిచి ఉన్న పాత్రలో బరువు తగ్గింది. మూసేసిన గొట్టంలో తగ్గలేదు. పోయింది తేమేనని ఆయన తేల్చాడు.

సందేశాన్ని పంచుతున్న ఆస్తికులు ఈ కుక్కల సంగతి చదివితే ఏమంటారో తెలుసుకోవాలని ఉంది. శ్రీకాళహస్తి పేరులోనే సాలెపురుగు, పాము, ఏనుగు ఉన్నాయి. మూడూ మోక్షం పొందాయని కదా స్థలపురాణం. ధర్మరాజు స్వర్గద్వారం దాకా వెంట తీసుకెళ్ళింది కుక్కనే. మెక్‌డూగల్ కాటాను ఒప్పుకుంటే, వాటికి జీవుడే లేడని ఒప్పుకోవాలి. ఆత్మను శస్త్రాలు ఛేదించలేవు, అగ్ని దహించలేదు, నీరు తడపలేదు అని గీత చెబుతుంది. దాన్ని తూచవచ్చని మాత్రం అందులో ఎక్కడా లేదు. సైన్సుతో ముద్ర వేయించుకోవాలన్న ఆరాటంలో మనవాళ్ళు తమ నమ్మకానికే పొసగని సాక్షిని పిలుచుకొచ్చారు.

నిజానికి మన నేల మీద ఈ తూకం అంతకు చాలా ముందే కథకెక్కింది. బౌద్ధుల పాళీ గ్రంథం దీఘనికాయంలో పాయాసి అనే పాలకుడు ఉన్నాడు. పరలోకం లేదని వాదించేవాడు. దొంగను చంపక ముందు, చంపాక తూయించాను, శవమే బరువు తూగింది అన్నాడు. పాడె మోసినవాళ్ళు మన ఊళ్ళలో ఇప్పటికీ అనే మాటే అది. దానికి కుమారకస్సపుడనే భిక్షువు ఇనుప గుండును ఉపమానంగా చెప్పాడు. కాలి ఉన్నప్పుడు అది తేలిక, చల్లారాక బరువు, ప్రాణమున్న ఒళ్ళూ అంతే అన్నాడు. జైనుల దగ్గర ఇదే కథ ఉంది. అక్కడ రాజుకు బరువులో తేడా కనపడదు. గాలి నింపినా తీసినా తోలుతిత్తి ఒకటే తూగుతుంది కదా అంటాడు అక్కడి ముని.

గాజుపెట్టె కథకు డాక్టరు పేరు లేదు, ఊరు లేదు, ఏడు లేదు. పాయాసి కథలో దానికీ ఒక జోడు ఉంది. దొంగను బతికుండగానే కుండలో పెట్టించి, మూతిని తడి తోలుతో, మట్టితో కప్పించి పొయ్యి మీదికి ఎక్కించాడు. చచ్చాడని తెలిశాక దింపించి, జీవుడు బయటికి వస్తాడేమోనని మూత కొద్దికొద్దిగా తీసి చూశాడు. ఏమీ కనపడలేదు. నువ్వు పగలు నిద్రపోయి కలలో తోటలు తిరుగుతున్నప్పుడు, పక్కనున్న దాసీలకు నీ జీవుడు వచ్చిపోవడం కనిపించిందా అని కస్సపుడు అడిగాడు. లేదని పాయాసి ఒప్పుకున్నాడు. ఇంత జరిగినా ఆ కుండ మాత్రం పగల్లేదు.