అపోహలు – వాస్తవాలు: "కరెంటు పెడితే గడ్డ కరిగిపోయింది కదా, ఇక ఆపరేషన్ ఎందుకు?"

బరంపురంలో నా ఓపీకి వచ్చే మలాశయ క్యాన్సర్ పేషెంట్లలో తెలుగువాళ్లు చాలామంది. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, ఛత్రపురం వైపు నుంచి వస్తారు. కొందరు కటక్‌లో, కొందరు విశాఖలో కరెంటు (రేడియేషన్) పెట్టించుకుని, ఫైలు పట్టుకుని నా దగ్గరికి చేరతారు. అప్పుడు అడిగే మాట దాదాపు ఒకటే. "రక్తం ఆగిపోయింది బాబూ, నొప్పి లేదు, మోషన్ సాఫీగా అవుతోంది. గడ్డ కరిగిపోయిందని స్కాన్‌లో కూడా రాశారు. ఇంకా కోయడం దేనికి?"

అడిగేవాళ్లతో ఇబ్బంది లేదు, కూర్చోబెట్టి చెప్పొచ్చు. అడగకుండా ఇంటికెళ్లిపోయి, ఏడాదికో ఏడాదిన్నరకో పేగు మూసుకుపోయి, కడుపు ఉబ్బి, రాత్రిపూట అంబులెన్సులో వచ్చేవాళ్లను చూస్తే మాత్రం తట్టుకోలేను. వాళ్లలో చాలామందికి మొదటిసారి వచ్చినప్పుడు జబ్బు పూర్తిగా నయమయ్యే దశలోనే ఉంది. అందుకే ఈ ఒక్క అపోహ గురించే ఎక్కువ రాస్తున్నాను. మిగతావి చివర్లో క్లుప్తంగా చెబుతాను.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. పైన ఉండే పెద్దపేగులో క్యాన్సర్ వస్తే సాధారణంగా మొదటి వైద్యం ఆపరేషనే. కరెంటు అవసరం ఎక్కువగా మలాశయానికే, అంటే మలద్వారం నుంచి లోపలికి సుమారు 15 సెంటీమీటర్ల లోపు వచ్చే గడ్డలకే. అక్కడ కటి ఎముకల మధ్య చోటు ఇరుకు. మూత్రాశయం, గర్భసంచి లేదా ప్రోస్టేట్, నరాలు అన్నీ ఆనుకుని ఉంటాయి. గడ్డ గోడ దాటి ముదిరితే నేరుగా కోసినా చుట్టూ కణాలు మిగిలిపోయి, అదే చోట మళ్లీ రావచ్చు. ఆ ముప్పు తగ్గించడానికే ముందుగా కరెంటు పెడతారు. కాబట్టి "మా బావకీ పేగు క్యాన్సరే, ఆయనకు కరెంటు పెట్టలేదు, నీకెందుకు పెట్టారు" అనే పోలిక వదిలేయండి. చోటు వేరు, వైద్యం వేరు.

కరెంటు రెండు రకాలు. ఒకటి ఐదారు వారాల పాటు 25 నుంచి 28 సిట్టింగులు, దానితో పాటు కీమో మాత్రలు. రెండోది ఐదే రోజుల కోర్సు. ఇప్పుడు చాలామందికి దీనికి ముందో తర్వాతో కొన్ని వారాలు కీమో కూడా ఇస్తున్నారు. కరెంటు అయిపోయిన తర్వాత కూడా గడ్డ తగ్గుతూనే ఉంటుంది. అందుకని పెద్ద కోర్సు ముగిశాక సాధారణంగా 8 నుంచి 12 వారాలు ఆగి ఆపరేషన్ చేస్తాం. మనవాళ్లు తప్పిపోయేది సరిగ్గా ఈ వారాల్లోనే. డాక్టరు "రెండు నెలలాగి రండి" అంటే, వైద్యం అయిపోయిందని ఇంట్లో అర్థం చేసుకుంటారు. అప్పటికే రక్తం ఆగి ఉంటుంది, ఆకలి వేస్తుంది, నాలుగు కిలోలు పెరుగుతారు. ఊళ్లో అందరూ "బాగయ్యావు" అంటారు.

మరి నిజంగా కరిగిందా? పెద్ద కోర్సు తర్వాత ఆపరేషన్ చేసి తీసిన పేగును ల్యాబులో పరీక్షిస్తే, ఒక్క క్యాన్సర్ కణం కూడా మిగలనివాళ్లు నూటికి 15 నుంచి 20 మంది. ఐదు రోజుల కరెంటు తర్వాత ఆపరేషన్‌కు ముందే కీమో పూర్తి చేసిన రాపిడో అనే పరిశోధనలో ఇది 28 శాతం వరకు వెళ్లింది. గొప్ప సంగతే. కానీ మిగతావాళ్లలో బతికున్న కణాలు ఉన్నాయి. పైన పొర మానిపోయి నున్నగా కనిపిస్తున్నా, కింద కండర పొరలోనో, పేగు చుట్టూ ఉండే కొవ్వులోని లింఫ్ గ్రంథుల్లోనో అవి ఉండిపోతాయి. కలుపు పైన ఎండిపోయి, మట్టిలో వేరు పచ్చిగా ఉన్నట్టు. రక్తం ఆగిందా, నొప్పి తగ్గిందా అన్నదాన్ని బట్టి ఇది తేలదు. వేలు పెట్టి చూడాలి, స్కోప్ (కెమెరా గొట్టం) వేయాలి, ఎమ్మారై తీయాలి. మూడూ కలిపి చూసినా కొన్నిసార్లు అనుమానం మిగులుతుంది.

ఇక్కడ పరిశోధన గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఫోన్లలో తిరిగే సగం మాటలు దీన్నుంచే పుట్టాయి. ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉండే పద్ధతి నిజంగానే ఉంది. బ్రెజిల్‌లోని సావో పాలో సర్జన్ ఏంజెలిటా హాబ్ర్-గామా, ఆమె బృందం 2004లో ఆ ఫలితాలు ప్రచురించినప్పుడు చాలామంది సర్జన్లు నమ్మలేదు. ఆ తర్వాత అమెరికాలో ఓప్రా అనే పరిశోధన జరిగింది, 2022లో ఫలితాలు వచ్చాయి. కరెంటు, కీమో పూర్తిగా ఇచ్చినవాళ్లలో దాదాపు సగం మంది మూడేళ్ల తర్వాత కూడా మలాశయం కోయించుకోకుండా ఉన్నారు. నేనూ సరైన పేషెంటు అయితే ఈ దారి గురించి తప్పక చెబుతాను.

కానీ "కనిపెట్టుకుని ఉండటం" అంటే ఇంట్లో కూర్చోవడం కాదు. మూడు పరీక్షల్లోనూ గడ్డ జాడ లేదని తేలినవాళ్లకే ఆ దారి. మొదటి రెండేళ్లు సుమారు మూడు నెలలకోసారి వేలి పరీక్ష, స్కోప్, కొన్ని నెలలకోసారి ఎమ్మారై చేయించుకోవాలి. ఎందుకంటే వీళ్లలో నాలుగో వంతు మందికి రెండేళ్లలోపు అదే చోట గడ్డ మళ్లీ మొలుస్తుంది. అంతర్జాతీయ రికార్డులు కూడగట్టి 2018లో ప్రచురించిన లెక్క ఇది. దాదాపు అన్నీ పేగు గోడలోనే వచ్చాయి కాబట్టి వేలికో స్కోప్‌కో దొరుకుతాయి. తొందరగా దొరికితే అప్పుడు ఆపరేషన్ చేసినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. దొరకాలంటే మీరు రావాలి. రాయగడ లోపలి పల్లె నుంచి మూడు నెలలకోసారి రైలెక్కి రాగలరా, కూలి పోయినా ఇంట్లోవాళ్లు వెంట వస్తారా, అన్నది నేను పేషెంటును సూటిగానే అడుగుతాను. రాలేనివాళ్లకు ఆపరేషనే భద్రమైన దారి.

ఇక "న్యూయార్క్ మందు" సంగతి. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన ఒక టీచరు గారు కరెంటు అయ్యాక ఆపరేషన్ తేదీకి రాలేదు. ఫోన్ చేస్తే వాళ్లబ్బాయి, "ఇంజక్షన్లతోనే అందరికీ పోయిందట సార్, మేం దాని కోసం చూస్తున్నాం" అన్నాడు. ఆ వార్త అబద్ధం కాదు. 2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ డాక్టర్లు డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే మందు) ఆరు నెలలు ఇస్తే, అప్పటికి కోర్సు పూర్తి చేసిన 12 మందిలోనూ గడ్డ మాయమైంది. అయితే ఆ పన్నెండు మందిదీ ఒక ప్రత్యేక రకం గడ్డ. కణంలో డీఎన్ఏ తప్పులను సరిదిద్దే వ్యవస్థ చెడిపోయిన రకం. మలాశయ క్యాన్సర్లలో అది నూటికి 5 నుంచి 10. మిగతావాళ్లకు ఈ మందు ఒక్కటే ఇస్తే అలా పని చేయదు. మీది ఏ రకమో తెలుసుకోవడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. మొదట బయాప్సీకి తీసిన ముక్క మీదే నాలుగు ప్రోటీన్ల పరీక్ష చేయించవచ్చు. ఆ పరీక్ష అడగండి, అది మీ హక్కు. టీచరు గారి ముక్క పరీక్షించాం, అది మామూలు రకమే. ఆలోపు నెలలు గడిచాయి. ఆపరేషన్ అయితే చేయగలిగాం కానీ, గడ్డ కిందికి పెరిగి, మలద్వారం బిగించే కండరాన్ని పట్టేసింది. దాన్ని కాపాడలేకపోయాం.

అసలు భయం మందు గురించి కాదు, సంచి గురించి. అంటే పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి, మోషన్ పడడానికి అక్కడ అంటించే సంచి. పేషెంట్లు ఆపరేషన్ వద్దనడం వెనక పదింట తొమ్మిదిసార్లు అదే ఉంటుందని నాకనిపిస్తుంది. పొట్ట మీద నుంచి మోషన్ పోవడమంటే ఎవరికైనా టెన్షనే. పెళ్లిళ్లకు ఎలా వెళ్లాలి, గుడికి వెళ్లొచ్చా, మనవడు ఒళ్లో కూర్చుంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నలు చిన్నవి కావు, ఎవరూ నవ్వకూడదు.

1908లో లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ చెప్పిన ఆపరేషన్‌లో మలద్వారం మొత్తం తీసేసి, ఎడమవైపు శాశ్వత సంచి పెట్టేవారు. దశాబ్దాల పాటు ఇంచుమించు అందరికీ అదే. 1982లో ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ సర్జన్ బిల్ హీల్డ్, మలాశయాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వు తొడుగుతో సహా, తొడుగు చిరగకుండా తీయాలని చూపించాడు. అంతకుముందు కొన్నిచోట్ల నూటికి 20కి పైగా అదే చోట తిరిగొచ్చే జబ్బు, ఆ పద్ధతితో పది లోపుకు దిగింది. పేగును కుట్టే స్టేప్లర్ పరికరాలు వచ్చాక చాలా కిందికి కూడా పేగు అతకగలుగుతున్నాం. ఇవాళ శాశ్వత సంచి అవసరమయ్యేది ముఖ్యంగా బిగించే కండరాన్ని గడ్డ పట్టేసినవాళ్లకు. మిగతా చాలామందికి కుడివైపు తాత్కాలిక సంచి పెడతాం, కింద అతుకు మానేదాకా. అతుకు మానిందని పరీక్ష చేసుకుని, రెండు మూడు నెలలకో, కీమో ఉంటే అది అయ్యాకో మూసేస్తాం.

నన్ను బాధపెట్టేది ఇదే. తాత్కాలిక సంచికి భయపడి వెళ్లిపోయినవాళ్లకే, చివరికి పేగు మూసుకుపోయి, అర్ధరాత్రి ఎమర్జెన్సీలో సంచి పెట్టాల్సి వస్తోంది. అది మళ్లీ తీయలేని సంచి కావచ్చు.

సంచితో బతుకు ఆగిపోదు. గుణుపురంలో మా పెదనాన్నకు నేను స్కూల్లో ఉండగానే శాశ్వత సంచి పెట్టారు. మంచి సంచులు దొరకని రోజులు. పెద్దమ్మ గుడ్డలు ఉతికి ఆరేసేది. ఆయన దాంతోనే పొలానికి వెళ్లాడు, నా పెళ్లిలో పంక్తిలో కూర్చుని భోంచేశాడు. ఇప్పటి సంచులు వాసన బయటికి రానివ్వవు, స్నానం చేయొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. కుడివైపు తాత్కాలిక సంచి ఉన్నవాళ్లకు నీళ్లలా ఎక్కువ పోతే ఒంట్లో ఉప్పు, నీరు త్వరగా తగ్గిపోతాయి. మన ఎండాకాలంలో ఇది కిడ్నీల మీదికి తెస్తుంది. ఉత్త నీళ్లే తాగకండి, ఓఆర్ఎస్ తాగండి. మూత్రం తగ్గినా, కళ్లు తిరిగినా అదే రోజు రండి.

సంచి మూశాక కూడా కొన్ని నెలలు మోషన్‌కు మాటిమాటికీ, ఆపుకోలేకుండా వెళ్లాల్సి రావచ్చు. మందులు, కండరాల వ్యాయామం, తిండి మార్పులతో చాలామందికి నెమ్మదిగా తగ్గుతుంది, అందరికీ పూర్తిగా కాదు. ఇది ముందే చెప్పించుకోండి.

మిగతా అపోహలు త్వరగా.

"ముక్క తీస్తే, కత్తి తగిలితే పాకుతుంది." పాకదు. ముక్క పరీక్ష లేకుండా కరెంటూ కీమో మొదలుపెట్టరు. కత్తి తగిలాక ముదిరిందని మీరు విన్న కేసుల్లో జబ్బు అప్పటికే పాకి ఉంటుంది.

"రక్తం పడితే మొలలే." మొలలూ కావచ్చు. కానీ వేలు పెట్టి కూడా చూడకుండా మొలల మందు ఇచ్చేవారి దగ్గర ఆగిపోకండి. మన దేశంలో నలభై లోపు వయసువాళ్లలోనూ ఈ క్యాన్సర్ చూస్తున్నాం.

"కాలేయానికి పాకితే ఇక అంతే." అన్నిసార్లూ కాదు. కాలేయంలో మచ్చలు కోసి తీయగలిగేలా ఉంటే, అలా తీసినవాళ్లలో సుమారు నూటికి 40 మంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. ఒక్క అభిప్రాయంతో ఫైలు మూసేయకండి.

"ఆపరేషన్ అయ్యాక కదలకూడదు." కుట్లు మానేదాకా బరువులెత్తొద్దు, అంతే. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయినవాళ్ల మీద 2025లో వచ్చిన ఛాలెంజ్ పరిశోధనలో 889 మంది పాల్గొన్నారు. మూడేళ్లు పద్ధతిగా వ్యాయామం చేయించిన గుంపులో జబ్బు తిరగబెట్టకుండా ఐదేళ్లు గడిపినవాళ్లు నూటికి 80, కేవలం సలహాల పుస్తకం ఇచ్చిన గుంపులో 74.

చివరగా ఒక విన్నపం. కరెంటు పెట్టకముందు తీసిన ఎమ్మారై సీడీని జాగ్రత్తగా దాచండి. కరెంటు తర్వాత గడ్డ ఎంత చిన్నదైనా, అది మొదట ఎక్కడిదాకా పాకి ఉందో ఆ పాత బొమ్మలోనే తెలుస్తుంది. ఆపరేషన్ ఎంతమేర చేయాలో దాన్ని చూసుకునే నిర్ణయిస్తాం. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. సీడీ పోతే స్కాన్ తీసిన చోట పాత నంబరు చెప్పి కాపీ అడగండి, చాలాచోట్ల ఇస్తారు.