గులాబీల శవయాత్ర: టోక్యో గే బార్ల సినిమాపై అపోహలు, వాస్తవాలు

మా ఫిల్మ్ క్లబ్ ప్రదర్శనలకు తెలుగు సబ్‌టైటిళ్లు రాయడం నా పని. తొషియో మత్సుమొతో 1969లో తీసిన ఈ నలుపు తెలుపు జపనీస్ చిత్రంపై ప్రేక్షకులు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు పదే పదే ఎదురవుతాయి.

అపోహ: పోలీసులకు భయపడి చాటుగా తీసిన సినిమా.
వాస్తవం: 2018 దాకా స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ నీడలో బతికిన మనకు ఆ ఊహ సహజమే. జపాన్‌లో పురుషుల మధ్య సంబంధాన్ని నేరంగా చూసిన నిబంధన 1870లలో వచ్చి, 1882లో కొత్త శిక్షాస్మృతితోనే పోయింది. టోక్యోలోని షింజుకు నిచోమె ప్రాంతం పూర్వం వేశ్యావాటిక. వ్యభిచార నిరోధక చట్టం 1958లో పూర్తిగా అమలై ఆ ఇళ్లు మూతపడ్డాక, అక్కడ చిన్న చిన్న గే బార్లు వెలిశాయి. ఈ చిత్రాన్ని ఆర్ట్ థియేటర్ గిల్డ్ అనే సినిమా సంస్థ బాహాటంగానే విడుదల చేసింది. బార్ యజమాని గొండాగా నటించినది ‘సెవెన్ సమురాయ్’లో కనిపించిన యోషియో త్సుచియా.

అపోహ: కథానాయిక ఎడ్డీని ‘హిజ్రా’ అని రాస్తే సరిపోతుంది.
వాస్తవం: నాకు ఎక్కువ పని పెట్టిన మాట ఇదే. అప్పటి టోక్యోలో ‘గే బాయ్’ అంటే స్త్రీ వేషం వేసుకుని, బార్‌కు వచ్చినవారికి మద్యం పోస్తూ, కబుర్లతో అలరించే వృత్తి కూడా. హిజ్రాలది గురువు, చేలా వరసలతో, సొంత ఆచారాలతో నడిచే వేరే సమాజం. అందుకే ‘గే బాయ్’ అనే ఉంచాను. బార్ మేడమ్ లేడా కిమోనో, పాతకాలపు కొప్పుతో తిరిగితే, ఎడ్డీ మినీస్కర్టు వేస్తుంది. యజమాని కోసం వారిద్దరి మధ్య సాగే వైరాన్ని ఆ బట్టలే సగం చెప్పేస్తాయి. ఒకచోట ఎడ్డీ, స్నేహితురాళ్లు అవే స్కర్టుల్లో మగవాళ్ల మూత్రశాలలో వరుసగా నిలబడతారు. అక్కడ నేను రాయడానికేమీ లేదు, హాలంతా నవ్వుతుంది.

రీళ్లు తారుమారయ్యాయని ఒకాయన ప్రొజెక్టర్ గదికే వచ్చి హెచ్చరించారు. కాలేదు. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడిన గ్రీకు ఈడిపస్ కథను తిరగేసిన ఈ చిత్రంలో కాలం ముందుకూ వెనక్కీ నడుస్తుంది. శృంగార దృశ్యం మధ్యలో కెమెరా వెనక్కి జరిగి చిత్రీకరణ బృందాన్నే చూపిస్తుంది. నటులను ఆపి వారి జీవితం గురించి అడుగుతారు. డాక్యుమెంటరీల నుంచి వచ్చిన మత్సుమొతోకు ఇది మొదటి కథాచిత్రం.

ఇక దర్శకుడు కుబ్రిక్ ఆంగ్ల చిత్రం ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’తో పోలికలు వెతకడానికే వచ్చేవారికి వేగం పెంచిన దృశ్యాలు దొరుకుతాయి గానీ, ఆ వెతుకులాటలో పీటర్ ముఖాన్ని సరిగా చూడరు. ఎడ్డీగా తొలిసారి తెరపైకి వచ్చిన ఆ పీటరే 1985లో కురొసావా ‘రాన్’లో విదూషకుడు క్యోఅమి.