జలుబు చుక్కలు వేశాక పాప ఎందుకు నిద్రపోలేదు?

మా పాపకి ఏడో నెలలో పడిశం పట్టింది. హాయిగా పడుకుంటుందని తెలిసినవాళ్లు చెబితే చుక్కల మందు వేశాం. ఆ రాత్రి రెండింటి దాకా కళ్లు విప్పార్చుకుని, ఎత్తుకుంటే దించమని, దించితే ఎత్తుకోమని ఏడుస్తూనే ఉంది. జలుబు బాధేమో అనుకున్నాం. మర్నాడు పిల్లల డాక్టరు సీసా చూడగానే ఆపేయమన్నారు.

సీసాలో ఉన్నవి రెండు మందులు. క్లోర్‌ఫెనిరమిన్ పాతకాలపు అలర్జీ మందు, పెద్దవాళ్లకి మగత తెస్తుంది, కానీ కొందరు పసిపిల్లల్లో అదే తిరగబడి ఉలికిపాటు, చిరాకు పుట్టిస్తుంది. రెండోది ఫినైలెఫ్రిన్. ముక్కులోని రక్తనాళాలు బిగిసి దిబ్బడ తగ్గాలని కలుపుతారు, దానివల్ల గుండె వేగం పెరగొచ్చు, నిద్ర చెడిపోవచ్చు.

మరి ఇలాంటివి పసిపిల్లల దాకా ఎలా వచ్చాయి? నాకు బాధ కలిగించింది ఇదే. అమెరికాలో 1976లో నిపుణుల కమిటీ ఒకటి జలుబు, దగ్గు మందులకి పిల్లల డోసులు సూచించింది, అవి పిల్లల మీద పరీక్షించి తేల్చినవి కావు, పెద్దల డోసులో ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లకి సగం, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి నాలుగోవంతు అని లెక్క కట్టినవి. రెండేళ్ల లోపు పిల్లల సంగతి డాక్టర్లకి వదిలేశారు. అయినా పసిపిల్లల బొమ్మలతో చుక్కల సీసాలు దుకాణాల్లోకి వచ్చేశాయి.

2007లో అమెరికాలోని బాల్టిమోర్ నగర ఆరోగ్య అధికారి జాషువా షార్ఫ్‌స్టీన్, కొందరు పిల్లల డాక్టర్లు కలిసి అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి పిటిషన్ పెట్టారు. ఈ మందులు చిన్నపిల్లలకి పనిచేస్తాయనడానికి ఆధారం లేదు, హాని మాత్రం ఉంది అని వాళ్ల వాదన. ఆ అక్టోబరులోనే కంపెనీలు పసిపిల్లల సీసాల్ని వెనక్కి తీసుకున్నాయి. 2008 జనవరిలో రెండేళ్ల లోపు వాళ్లకి వాడొద్దని ఎఫ్‌డీఏ చెప్పింది, అదే ఏడాది కంపెనీలు లేబుళ్ల మీద ఆ వయసుని నాలుగేళ్లకి పెంచాయి. పిల్లల్ని నిద్రపుచ్చడానికి క్లోర్‌ఫెనిరమిన్ లాంటి మందు వాడొద్దనే హెచ్చరిక కూడా అప్పుడే చేరింది. అంటే ఎంతమంది అందుకే వాడేవారో!

మన దేశంలో ఆ మాట రావడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఈ రెండు మందులూ కలిసిన చుక్కల్ని నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడరాదని లేబుల్ మీద రాయమంది. ఫినైలెఫ్రిన్‌ని నోటి ద్వారా ఇస్తే ముక్కు దిబ్బడకి పనిచేయదని అంతకు మూడు నెలల ముందే అమెరికా నిపుణుల కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. అంటే దిబ్బడా తగ్గదు, నిద్రా ఉండదు!

2025 అక్టోబరులో, మధ్యప్రదేశ్‌లో కల్తీ సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ల లోపు వాళ్లకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని కేంద్రం మళ్లీ చెప్పింది. అక్కడ జరిగింది కల్తీ, నేను చెబుతున్నది కల్తీ లేని మందు గురించి.

మీ ఫ్రిజ్ తలుపులో సగం వాడిన సీసా ఉంటే ఈ రెండు పేర్లూ ఉన్నాయేమో ఇవాళే చూడండి. ఆయాసానికో, ఫిట్స్‌కో డాక్టరు రాసిన మందు వల్ల నిద్ర చెడుతోందనిపిస్తే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ముందు ఫోన్ చేసి అడగండి.