వెలుగుకు గేమ్ తెలియాలి: ఆర్కేడ్ ప్యానెల్ లైట్ల సాఫ్ట్‌వేర్ నేపథ్యం

ఇంట్లో సొంతంగా ఆర్కేడ్ క్యాబినెట్, అంటే నాణెం వేసి ఆడే పాతకాలపు వీడియో గేమ్ పెట్టెలాంటిది, కట్టుకునేవాళ్లకు ఈమధ్య ఒక చిక్కు ఎదురవుతోంది. ప్యానెల్ బటన్లలోని లైట్లను నడిపే పాత ఎల్ఈడీ కంట్రోలర్ తీసేసి కొత్త బోర్డు బిగిస్తే, అంతకుముందు ఓపిగ్గా కూర్చుని తయారుచేసుకున్న లైట్ యానిమేషన్లు దాని మీద నడవవు. కొత్త బోర్డు రంగులు బ్రహ్మాండంగా తిప్పుతుంది. కానీ తెరమీద ఉన్నది ప్యాక్‌మ్యానో స్ట్రీట్ ఫైటరో దానికి తెలియదు. పాత ఏర్పాటుకు ఆ సంగతి తెలుసు గానీ, అది విండోస్ కంప్యూటర్‌నూ ఒకరిద్దరు నడిపే సాఫ్ట్‌వేర్‌నూ నమ్ముకుని ఉంది. రెండూ ఒకేచోట ఎందుకు దొరకవని ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్లు అడుగుతుంటారు. దానికి జవాబు నలభై ఏళ్ల కిందటి క్యాబినెట్ల దగ్గర మొదలవుతుంది.

ఆర్కేడ్ హాళ్ల రోజుల్లో ఒక పెట్టెకు ఒకటే గేమ్. ప్యానెల్ కూడా ఆ గేమ్ కోసమే చేసేవారు. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్‌కు నాలుగు దిక్కులకు కదిలే జాయ్‌స్టిక్ ఒక్కటే, ఆడటానికి బటనే లేదు. అదే ఏడాది అటారీ తెచ్చిన మిసైల్ కమాండ్‌కు అరచేత్తో దొర్లించే బంతి, అంటే ట్రాక్‌బాల్ ఒకటి, మూడు ఫైర్ బటన్లు. విలియమ్స్ కంపెనీ డిఫెండర్‌కు పైకీ కిందికీ మాత్రమే కదిలే స్టిక్‌తో పాటు అయిదు బటన్లు: ఫైర్, థ్రస్ట్, రివర్స్, స్మార్ట్ బాంబ్, హైపర్‌స్పేస్. ఏది దేనికో ప్యానెల్ మీదే అచ్చయి ఉండేది కాబట్టి ఎవరినీ అడగాల్సిన పని లేదు. లైట్లు అప్పుడూ ఉన్నాయి. 1979 నాటి అటారీ గేమ్ ఆస్టరాయిడ్స్‌లో స్టార్ట్ బటన్ల లోపల ఎల్ఈడీలు ఉండేవి, నాణెం వేయగానే అవి మినుకుమనేవి. ఆ మినుకు గేమ్ ప్రోగ్రామ్‌లోనే రాసి ఉంది. ఎప్పుడు వెలగాలో గేమే చెప్పేది, ఏ బల్బు ఎక్కడుందో దానికి ముందే తెలుసు.

1997 ఫిబ్రవరిలో నికోలా సాల్మోరియా అనే ఇటాలియన్ ప్రోగ్రామర్, పాత ఆర్కేడ్ గేములను మామూలు కంప్యూటర్‌లో నడిపించే మేమ్ ఎమ్యులేటర్ మొదటి వెర్షన్ విడుదల చేయడంతో ఈ లెక్క తారుమారైంది. కొన్నేళ్లలోనే వేల గేములు ఒక కంప్యూటర్‌లోకి వచ్చేశాయి. వాటన్నిటికీ సరిపోయేలా ఒకే ప్యానెల్ కట్టాలి. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ టూకి ఒక్కో ఆటగాడికి ఆరు బటన్లు కావాలి గనుక ఇళ్లలో కట్టే ప్యానెళ్లకు ఆరు బటన్లు మామూలైపోయాయి. ఇక ఆ ప్యానెల్ మీద ప్యాక్‌మ్యాన్ పెడితే ఆ ఆరూ దండగ. డిఫెండర్ పెడితే ఆరింటిలో రివర్స్ ఏదో ఎవరికీ తెలియదు. ఇంటికొచ్చిన బంధువు ఒక్కో బటన్ నొక్కి చూసేలోపు ఓడ పేలిపోతుంది. ప్యానెల్ లైట్ల సాఫ్ట్‌వేర్ పుట్టింది ఈ ఇబ్బందిలోంచే. అలంకారం అని చాలామంది అనుకుంటారు గానీ, నా ఉద్దేశంలో అది మొదటినుంచీ దారి చూపే పనే.

తొలి పరిష్కారం కీబోర్డు దగ్గర దొరికింది. ఆస్టరాయిడ్స్ లాంటి గేములు వెలిగించే స్టార్ట్ దీపాలను మేమ్ కీబోర్డు మీది నమ్ లాక్, క్యాప్స్ లాక్ లైట్లలో చూపించేది. క్యాబినెట్లు కట్టేవాళ్లు పాత కీబోర్డు విప్పి, ఆ చిన్న ఎల్ఈడీల కాళ్లకు వైర్లు సోల్డర్ చేసి, ప్యానెల్ మీది స్టార్ట్ బటన్ల దాకా లాగేవారు. ఉన్నవి మూడు లైట్లే. అయినా ఎమ్యులేటర్‌లోని గేమ్ బయటి బటన్‌ను వెలిగించడం చాలామంది మొదటిసారి చూసింది అక్కడే.

రంగుల బటన్లకు ఇంకొంత కాలం ఆగాల్సి వచ్చింది. ఎరుపు ఎల్ఈడీ 1962 నుంచే ఉంది, ఆకుపచ్చ కూడా తర్వాత వచ్చింది. ప్రకాశవంతమైన నీలం మాత్రం 1993లో జపాన్‌లోని నిచియా కంపెనీలో షూజీ నకమురా సాధించేదాకా రాలేదు. అది లేనిదే ఒకే బటన్‌లో ఏ రంగైనా చూపించే ఆర్‌జీబీ లేదు. ధరలు దిగివచ్చాక, 2000 దశకం మధ్యలో, అమెరికాలోని గ్రూవీ గేమ్ గేర్ అనే చిన్న దుకాణం ఎల్ఈడీ-విజ్ అనే యూఎస్‌బీ బోర్డు తెచ్చింది. దానికి 32 అవుట్‌పుట్లు (లైట్ల వైర్లు బిగించే చోట్లు), ఒక్కోటి 500 మిల్లీయాంప్స్ దాకా లాగగలదు, వెలుతురులో 48 మెట్లు. ఒక ఆర్‌జీబీ బటన్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మూడు అవుట్‌పుట్లు పోతాయి. అంటే పది బటన్లు వెలిగించాక మిగిలేవి రెండే. ఇద్దరు ఆడే ప్యానెల్‌కు రెండు బోర్డులు తప్పవు.

యానిమేషన్ ఎలా తయారవుతుందో ఇక్కడ కాస్త దగ్గరగా చూడాలి, చిక్కుకు వేరు అక్కడే ఉంది. యానిమేషన్లు చేసే ఎడిటర్ ప్రోగ్రామ్ తెరిస్తే తెరమీద మన ప్యానెల్ బొమ్మ ఉంటుంది. బటన్ మీద క్లిక్ చేసి రంగు వేస్తాం, అది ఒక ఫ్రేమ్. ఆ ఫ్రేమ్ ఎన్ని మిల్లీసెకన్లు ఉండాలో చెప్తాం. తర్వాతి ఫ్రేమ్‌లో పక్క బటన్‌కు రంగు, మొదటిదానికి సగం వెలుతురు. ఇలా కొన్ని ఫ్రేములు పేర్చి నడిపిస్తే ప్యానెల్ మీద ఎరుపు ఎడమనుంచి కుడికి పాకుతుంది. చేతితో చేసే పని, కళ్లు లాగే పని, చాలా తృప్తినిచ్చే పని. అయితే సేవ్ చేసినప్పుడు ఫైల్‌లోకి వెళ్లేది బటన్ పేరు కాదు. ఫలానా కంట్రోలర్, ఫలానా పోర్టు (బోర్డు మీది అవుట్‌పుట్ నంబరు), తీవ్రత ఇంత అన్న అంకెల వరుస వెళ్తుంది. నా ప్యానెల్‌లో ఒకటో బటన్ ఎరుపు వైరు 7వ పోర్టులో ఉండి, మీ ప్యానెల్‌లో అది 19లో ఉంటే, నా యానిమేషన్ మీ దగ్గర చిందరవందర అవుతుంది. బటన్ల కోసం గీసిన బొమ్మ వైర్ల కోసం రాసిన చిట్టాగా మారిపోతోంది.

బోర్డు తీరు కూడా యానిమేషన్‌ను తనవైపు లాక్కుంది. 32 అవుట్‌పుట్ల వెలుతురూ మార్చాలంటే ఎల్ఈడీ-విజ్‌కు 8 బైట్ల చొప్పున నాలుగు సందేశాలు పంపాలి. ఊపిరాడకుండా పంపితే కొన్ని తప్పిపోతాయి. మినుకుమనడం, మెల్లగా పెరిగి తరగడం లాంటి కొన్ని వరసలను బోర్డులోనే పెట్టారు. వెలుతురు అంకెకు బదులు 129 పంపితే ఆ అవుట్‌పుట్ తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తెలివైన ఏర్పాటే. కానీ ఆ 129కి ఇంకో బోర్డు మీద అర్థం లేదు.

బోర్డూ ఎడిటరూ వచ్చినా అసలు ప్రశ్న మిగిలే ఉంది: ఏ గేమ్‌కు ఏ బటన్? దీనికి జవాబు ఏ కంపెనీ దగ్గరా లేదు. అభిమానులే కూర్చుని, పాత మాన్యువళ్లు, ప్యానెల్ ఫొటోలు చూసి, ఒక్కో గేమ్‌కు ఏ స్టిక్, ఎన్ని బటన్లు, ఏది ఏం చేస్తుందో రాసి కంట్రోల్స్ డాట్ అనే డేటా ఫైల్ కట్టారు. అసలు క్యాబినెట్‌లో బటన్ల రంగులేవో మరో ఫైల్‌లో చేర్చారు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఇదే. లైట్లు ఎవరైనా అమ్ముతారు. డిఫెండర్‌లో రివర్స్ ఎక్కడుండేదో పైసా తీసుకోకుండా రాసిపెట్టేవాళ్లు అరుదు.

ఆ డేటా మీద నిలబడిందే ఎల్ఈడీ బ్లింకీ అనే విండోస్ సాఫ్ట్‌వేర్. గేమ్ ఎంచుకోగానే ఆ గేమ్ వాడే బటన్లనే, వీలైతే అసలు రంగుల్లోనే వెలిగిస్తుంది. కావాలంటే ఒక్కో బటన్‌ను మినుకుమనిపిస్తూ అది చేసే పనిని గొంతుతో చదివి వినిపిస్తుంది. ఎవరూ ఆడనప్పుడు మనం చేసిన యానిమేషన్లు నడుపుతుంది. మాలా, హైపర్‌స్పిన్, లాంచ్‌బాక్స్ లాంటి ఫ్రంట్ ఎండ్‌లతో, అంటే గేమ్ ఎంచుకునే మెనూ ప్రోగ్రాములతో కలిసి పనిచేస్తుంది. గేమ్ లోపలి దీపాల స్థితిని బయటి ప్రోగ్రాములకు తెలిపే ఏర్పాటును మేమ్ కూడా తెచ్చాక కీబోర్డు విప్పాల్సిన అవసరం తీరిపోయింది. 1979లో అటారీ రాసిన మినుకు మళ్లీ అసలు చోటికి, స్టార్ట్ బటన్‌లోకి చేరింది.

ఇంగ్లండ్‌లోని అల్టిమార్క్ అనే బోర్డుల కంపెనీ వేరే దారిలో వచ్చింది. 16 అవుట్‌పుట్ల పాక్‌డ్రైవ్ వెలిగించడం, ఆర్పడం మాత్రమే చేసేది. తర్వాతి పాక్‌ఎల్ఈడీ 64 పేరుకు తగ్గట్టే 64 అవుట్‌పుట్లు ఇచ్చింది. ఐ-పాక్ అల్టిమేట్‌లో బటన్ల ఇన్‌పుట్లూ 96 ఎల్ఈడీ అవుట్‌పుట్లూ ఒకే బోర్డు మీద ఉన్నాయి. ప్రతి కొత్త బోర్డుకూ సాఫ్ట్‌వేర్‌లో కొత్త భాగం రాయాల్సిందే. ఇంట్లో పిన్‌బాల్ టేబుళ్లు కట్టేవాళ్లు మాత్రం తెలివైన పని చేశారు. పిన్‌స్కేప్ అనే ఓపెన్ సోర్స్ కంట్రోలర్ ఎల్ఈడీ-విజ్ సందేశాలనే అర్థం చేసుకునేలా తయారైంది. పాత సాఫ్ట్‌వేర్ దాన్ని ఎల్ఈడీ-విజ్ అనుకునే పలకరిస్తుంది.

ఆ తర్వాత డబ్ల్యూఎస్ 2812 రకం ఎల్ఈడీలు వచ్చి వైరింగ్‌నే మార్చేశాయి. ఒక్కో ఎల్ఈడీ లోపలే చిన్న చిప్ ఉంటుంది. 24 బిట్ల రంగు సమాచారం తన వాటా తీసుకుని మిగతాది పక్కదానికి పంపుతుంది. సీరియల్ సెట్ దండలా ఒకదాని వెనక ఒకటి కట్టుకుంటూ పోవచ్చు, ఇరవై బటన్లకైనా డేటా వైరు ఒక్కటే. 2021లో నాలుగు డాలర్లకు రాస్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు రావడంతో, దాని మీద నడిచే జీపీ 2040-సీఈ లాంటి ఉచిత ఫర్మ్‌వేర్‌లు (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) బటన్లనూ లైట్లనూ కలిపి చూసుకోవడం మొదలుపెట్టాయి. రెయిన్‌బో, చేజ్ లాంటి యానిమేషన్లు అందులోనే ఉంటాయి. ఏ ఎల్ఈడీ ఏ బటన్‌దో బ్రౌజర్‌లో సెట్ చేసుకోవచ్చు. పోర్టుల అంకెల బాధ ఇక్కడ చాలావరకు తీరింది. కానీ ఈ బోర్డు కంప్యూటర్‌కు ఒక మామూలు గేమ్ కంట్రోలర్‌లాగే కనిపిస్తుంది. ఏ గేమ్ మొదలైందో దానికి ఎవరూ చెప్పరు. బటన్ నొక్కితే రంగు మారుతుంది, ప్యాక్‌మ్యాన్ నడుస్తున్నా అన్ని బటన్లూ వెలుగుతాయి.

చిక్కు ఇప్పుడు ఇక్కడుంది. గేమ్ తెలిసిన సాఫ్ట్‌వేర్ యానిమేషన్‌ను వైర్ల భాషలో దాస్తుంది. బటన్లు తెలిసిన బోర్డుకు గేమ్ సంగతి చేరదు. కంట్రోల్స్ డేటాకు కూడా నిరంతరం చాకిరీ కావాలి, ఎందుకంటే మేమ్‌లో గేమ్ సెట్ల పేర్లు అప్పుడప్పుడూ మారుతుంటాయి. పేరు మారిన గేమ్‌కు లైట్లు వెలగవు. యానిమేషన్ ఫైల్‌లో పోర్టు అంకెకు బదులు ఒకటో ఆటగాడు, మూడో బటన్, ఎరుపు అని రాసి, ఏ బటన్ ఏ పోర్టులో ఉందన్న పటాన్ని విడిగా ఉంచితే సగం సమస్య తీరుతుంది. అలాంటి పటం ఎల్ఈడీ బ్లింకీలో ఇన్‌పుట్ మ్యాప్ ఫైల్ రూపంలో ఉంది, జీపీ 2040-సీఈ సెట్టింగుల్లోనూ ఉంది. మిగిలిన సగం, కంప్యూటర్ నుంచి బోర్డుకు గేమ్ పేరో బటన్ల రంగులో పంపే చిన్న ఉమ్మడి పద్ధతి. దానికి ఫర్మ్‌వేర్ రాసేవాళ్లూ ఫ్రంట్ ఎండ్ రాసేవాళ్లూ ఒకే నమూనాకు ఒప్పుకోవాలి.