నాన్నగారి సైకిలుకి రంగెందుకు వేయించలేదంటే

రాజమహేంద్రవరం

చిన్నా, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో సైకిలు చూపించగానే బుజ్జి అడిగింది కదా, "తాతయ్యా, ఇన్ని నెలలు కష్టపడి బాగుచేశావు, రంగెందుకు వేయించలేదు? ఇంకా పాతదానిలాగే ఉంది" అని. జవాబు మొదలుపెట్టేలోపే నెట్‌వర్క్ పోయింది. అయినా అది ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

ఇది మీ ముత్తాతగారు 1964లో కొన్న హెర్క్యులెస్ సైకిలు. మద్రాసులో 1949లో మొదలైన టి.ఐ. సైకిల్స్ వాళ్ళ తయారీ. అంతకుముందు మంచి సైకిలంటే ఎక్కువగా ఇంగ్లండు నుంచి ఓడలో రావలసిందే. స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్ళలోపే సోనీపత్‌లో అట్లాస్, లూధియానాలో హీరో, ఆసన్‌సోల్‌లో సెన్-రాలీ కూడా వచ్చేశాయి. వాటిలో అట్లాస్ వాళ్ళ చివరి ఫ్యాక్టరీ, సాహిబాబాద్‌లోది, 2020 జూన్ 3న పని ఆపేసింది. జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవం! ఆ వార్త చదివి చాలాసేపు పేపరు పట్టుకుని కూర్చుండిపోయాను. ఆ సాయంత్రమే కొట్టుగదిలో పాత మంచాల వెనక నుంచి నాన్నగారి సైకిలు బయటికి లాగాను.

చైను తుప్పుపట్టి కర్రలా బిగుసుకుపోయింది. టైర్లు అప్పడాల్లా విరుగుతున్నాయి. కానీ ఫ్రేము ఎక్కడా వంగలేదు. పాత సైకిలు చూసినప్పుడు మొదట చూసుకోవలసింది అదే. మిగతావన్నీ ఈరోజుకీ బజార్లో దొరుకుతాయి.

ముందు ప్రతి భాగాన్నీ నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీశాను. తర్వాత బిగుసుకున్న ప్రతి నట్టుకీ కిరసనాయిలు పోసి మూడు రోజులు దాని జోలికి వెళ్ళలేదు. సగం పని ఆ మూడు రోజుల్లోనే అయిపోయింది. పాత ఇనుముతో తొందరపడితే నట్టు మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత ఏ స్పానరుకీ పట్టు దొరకదు.

అన్నిటికన్నా నాకు నచ్చిన పని పెడల్స్ తిరిగే ఇరుసు విప్పడం. పెడలు తగిలించే కడ్డీ క్రాంకు. దాన్ని ఇరుసుకి పట్టి ఉంచేది వేలంత కాటర్ పిన్ను. ఆ పిన్నుని ఊరికే సుత్తితో కొడితే ఆ దెబ్బ వెళ్ళి లోపలి బేరింగుల మీద పడుతుంది. అందుకే క్రాంకు కింద ఒక ఇనుప గొట్టం నిలబెట్టి, నట్టుని పిన్ను చివరిదాకా వదులుచేసి, దాని మీద ఒక్కటే గట్టి దెబ్బ కొట్టాలి. టక్‌మని లోపలికి దిగింది. బేరింగుల కప్పు విప్పితే గ్రీజు పాత బెల్లంలా గట్టిపడి, నల్లగా ఉంది. పుల్లతో తవ్వి కిరసనాయిల్లో వేస్తే అందులోంచి ఉక్కు గుళ్ళు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒక్కొక్కటి పావు అంగుళం. ఒక పక్క 11, రెండో పక్క 11. నాన్నగారు తొక్కిన వేల మైళ్ళూ ఈ 22 గుళ్ళ మీదే దొర్లాయి! చేతిలో పోసుకుంటే చల్లగా, బరువుగా ఉన్నాయి. నాలుగింటికి గుంటలు పడ్డాయి. అయినా మొత్తం 22 కొత్తవి వేశాను, ఎందుకంటే అరిగినవీ కొత్తవీ కలిస్తే బరువంతా కొత్తవాటి మీదే పడుతుంది. కప్పు నిండా కొత్త గ్రీజు పూసి గుళ్ళని అందులో ఒక్కొక్కటే అతికిస్తే జారిపడకుండా నిలబడతాయి. మళ్ళీ బిగించి చేత్తో తిప్పితే చప్పుడే లేదు.

చిన్నా, నీకొకటి చెప్పాలి. ఎడమ పెడలు విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిప్పాలి. కుడి పెడలుకి దానికి ఎదురు. ఎడమదానికీ మామూలు మరే పెడితే తొక్కేకొద్దీ దానంతటదే వదులై ఊడిపోతుంది. ఇది తెలియక బలమంతా పెట్టి మరలు పాడుచేసేవాళ్ళు చాలామంది.

టైర్ల దగ్గర దెబ్బతిన్నాను. కొట్లో "28 సైజు" అని అడిగితే ఇచ్చారు. ఇంటికొచ్చి ఎంత లాగినా రిమ్ము మీదికి ఎక్కదు. కారణం తర్వాత తెలిసింది. ఇప్పటి రేసు సైకిళ్ళ టైరునీ 28 అనే అంటారు, కానీ దాని లోపలి కొలత 622 మిల్లీమీటర్లు. మన పాత సైకిలుది 635. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 40-635 అని ఉంటుంది. అది చదివి కొనాలి. ఒక్క 13 మిల్లీమీటర్ల తేడాకి రెండు టైర్లు వృథా అయ్యాయి.

ఇక చక్రాలు. వెనక 40 పుల్లలు, ముందు 32. బరువు వెనకే ఎక్కువ పడుతుంది కదా. చక్రం తిరుగుతూ అటూ ఇటూ ఊగుతుంటే బెండు తీయాలి. రిమ్ము కుడికి పోతున్నచోట ఎడమ పుల్లని పావు చుట్టు బిగించాలి, పక్కనున్న కుడి పుల్లని అంతే వదలాలి, మళ్ళీ తిప్పి చూడాలి. నాకు రెండు సాయంత్రాలు పట్టింది. మా వీధి చివర సైకిల్ షాపు పెద్దాయన అయితే పుల్లని వేలితో మీటి, వచ్చే మోతని బట్టి ఏది వదులో చెప్పేస్తాడు. ఆ చెవి నాకింకా రాలేదు.

ఇప్పుడు బుజ్జి ప్రశ్న. హ్యాండిల్ మీది తుప్పు తీశాను. అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి నీళ్ళలో ముంచి రుద్దితే క్రోమ్ గీసుకుపోకుండా తుప్పు ఊడొస్తుంది. ఫ్రేముకి మాత్రం గరుకు కాగితం తగలనివ్వలేదు. మెత్తటి గుడ్డతో కుట్టుమిషను నూనె రాశాను, అంతే. ఒక పెయింటరుకి చూపిస్తే "మొత్తం గీకేసి కొత్తదానిలా చేసిస్తా"నన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే ఆ నల్లరంగు మీద సన్నటి బంగారు గీతలున్నాయి. గీకితే అవి పోతాయి. పైగొట్టం మీద, సీటుకి జానెడు ముందు, రంగు అరిగి ఇనుము కనబడే చోటుంది, చూశావా? నాన్నగారు బళ్ళో మాస్టారు. రోజూ పక్క ఊరి బడికి వెళ్తూ తుండుగుడ్డ మడతపెట్టి ఆ గొట్టం మీద వేసి నన్ను కూర్చోబెట్టుకునేవారు. ఐదేళ్ళు అలా వెళ్ళాను. ఆ రంగు అరిగింది నా వల్లే. హ్యాండిల్ కింద ఒక తీగ ముక్క కూడా ఉంది. అప్పట్లో సైకిలుకి పన్ను కడితే ఇచ్చే బిళ్ళ దానికే వేలాడేది. బిళ్ళ పోయింది, తీగ ఉంది. దాన్నీ తీయలేదు.

ఇప్పుడు రోజూ తెల్లవారకముందే బయల్దేరుతున్నాను. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనకదానికి, అంటే ఫ్రీవీలుకి, 18. సుద్దముక్కతో గుర్తుపెట్టి నేనే లెక్కపెట్టాను. ఒక్కసారి పెడలు పూర్తిగా తిప్పితే సుమారు ఐదున్నర మీటర్లు ముందుకెళ్తుంది. మనింటి నుంచి ధవళేశ్వరం బ్యారేజీకి 6 కిలోమీటర్లు, అంటే దాదాపు 1100 చుట్లు. గేర్లు లేవు, అయినా మన గోదావరి నేల చదునే కాబట్టి అక్కర్లేదు. గట్టు మీద ఎదురుగాలి కొడితే మాత్రం తొడలకి తెలుస్తుంది. తొక్కడం ఆపి వదిలేస్తే ఫ్రీవీలు టిక్‌టిక్‌మంటుంది, పక్కనే నది. ఆ చప్పుడు కోసమే వెళ్తున్నానేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

ఒక్క జాగ్రత్త. తీగ బదులు ఇనుప కడ్డీలతో లాగే ఈ రాడ్ బ్రేకులు వానలో నమ్మదగ్గవి కావు. రిమ్ము ఉక్కుది, తడిస్తే రబ్బరు జారుతుంది. తడి రోడ్డు మీద చాలా ముందే మెల్లగా నొక్కుతూ నీళ్ళు తుడుచుకోనివ్వాలి. మీరొచ్చినప్పుడు వాన పడితే ఎవరికీ ఇవ్వను, ఏడ్చినా సరే.

సంక్రాంతికి వస్తున్నారు కదా. ఫ్రేము 22 అంగుళాలది, చిన్నాకి సీటు దించితే కాలు అందుతుంది. బుజ్జికి పైనుంచి అందదు కాబట్టి అడ్డతొక్కుడు నేర్పిస్తాను. కాలు గొట్టం కిందినుంచి అవతలికి పెట్టి, సగం సగం తొక్కడం. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఇంకొకటి, మీ నాన్నమ్మ పుట్టింటి నుంచి ఒక లేడీస్ సైకిలు తెప్పించాను. దాని వెనక చక్రం విప్పి ఉంచాను. పక్కకి తొమ్మిది చొప్పున 18 గుళ్ళు స్టీలు గిన్నెలో కిరసనాయిల్లో నానుతున్నాయి. బిగించడం మీ పని. పాత బట్టలు తెచ్చుకోండి, గ్రీజు మరకలు పోవు.

ఆశీస్సులతో,
తాతయ్య